హస్సగోత్: మధ్యయుగ యూదు ధర్మశాస్త్రంలో విమర్శ సంప్రదాయం

మధ్యయుగ యూదు పండితులు తమ ధర్మశాస్త్ర గ్రంథాల మీద రాసిన విమర్శలను హీబ్రూ భాషలో హస్సగోత్ అంటారు. ఏకవచనం హస్సాగా. ఒక మహాపండితుడు కూర్చిన స్మృతిగ్రంథాన్ని మరో పండితుడు అంశం వెంట అంశంగా పరిశీలిస్తాడు. ఒప్పుకోలేని చోట ఆగి, ఎందుకు ఒప్పుకోలేడో ఆధారం చూపించి చెబుతాడు. పన్నెండో శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతంలో బలంగా వేళ్లూనుకున్న ఈ ప్రక్రియ తర్వాత స్పెయిన్‌కూ, పదహారో శతాబ్దం నాటికి పోలెండ్‌కూ విస్తరించింది. రిఫ్, రంబమ్, రష్బా, యోసెఫ్ కారో వంటి స్మృతికర్తల గ్రంథాలేవీ దీన్ని తప్పించుకోలేదు. విమర్శకులు కూడా వారికి తీసిపోని పండితులే. విమర్శకు గురైన గ్రంథాన్నీ ఆ విమర్శనూ ఒకే పుటలో పక్కపక్కన అచ్చువేసుకుని యూదులు నేటికీ కలిపి చదువుకుంటున్నారు. ఈ సంప్రదాయం విలువ అంతా ఆ పుటలో కనిపిస్తుంది.

నేపథ్యం

యూదు ధర్మశాస్త్రాన్ని హలఖా అంటారు. నడక అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన మాట అది. దాని మూలం మోషే ధర్మశాస్త్రమైన తోరా. తోరాకు తోడుగా తరతరాలు నోటిమాటగా నడిచిన నియమాలను క్రీ.శ. 200 ప్రాంతంలో యెహూదా హ-నాసి మిష్నా అనే సంకలనంగా కూర్చాడు. మిష్నా మీద బాబిలోనియా పండితులు తరాల తరబడి చేసిన చర్చలు ఆరో శతాబ్దం నాటికి బాబిలోనియా తాల్ముద్ రూపం దాల్చాయి.

నేటి ముద్రణల్లో తాల్ముద్ సుమారు 2,700 పత్రాలు ఉంటుంది. అది చట్టాల పట్టిక కాదు, వాదోపవాదాల సముద్రం. ఒక ప్రశ్నకు ఇద్దరు ముగ్గురు సమాధానాలు చెబుతారు. మధ్యలో ఒక కథ వస్తుంది, దాన్నుంచి మరో ప్రశ్న పుడుతుంది. చాలా చోట్ల తీర్పు చెప్పకుండానే చర్చ ముగుస్తుంది. విశ్రాంతిదినాన ఫలానా పని చేయవచ్చా, ఫలానా విడాకుల పత్రం చెల్లుతుందా అని ఊరివాళ్లు అడిగితే జవాబు చెప్పవలసిన న్యాయాధిపతికి ఆ సముద్రంలో దారి చూపే గ్రంథం కావాలి. ఆ అవసరమే స్మృతిగ్రంథాలను పుట్టించింది. తొమ్మిదో శతాబ్దానికి చెందిన హలఖోత్ గెదోలోత్ వాటిలో తొలితరంది.

అయితే స్మృతి రాయడమంటే వందల చర్చల్లో ఒక పక్షాన్ని ఉంచి మరో పక్షాన్ని వదిలేయడమే. వదిలేసిన పక్షం తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. హస్సాగా పుట్టింది అక్కడే.

పదం, ప్రక్రియ

హస్సాగా అన్న మాటకు మూలమైన హీబ్రూ ధాతువుకు చేరుకోవడం, అందుకోవడం అని అర్థం. విమర్శ అనే అర్థం మధ్యయుగాల్లో స్థిరపడింది. ఈ పద్ధతి మొదట ధర్మశాస్త్రంలో కాక వ్యాకరణంలో కనిపిస్తుంది. పదో శతాబ్దపు స్పెయిన్‌లో మెనాహెమ్ బెన్ సరూక్ కూర్చిన హీబ్రూ నిఘంటువు మీద దూనాష్ బెన్ లబ్రత్ ఖండన రాశాడు. మెనాహెమ్ శిష్యులు దానికి ప్రతిఖండన రాశారు. తర్వాతి శతాబ్దంలో యోనా ఇబ్న్ జనాహ్, తన కన్నా ముందటి వ్యాకరణవేత్త హయ్యూజ్ వదిలేసిన విషయాలను చేరుస్తూ ఒక అరబిక్ గ్రంథం రచించాడు.

మన శాస్త్ర సంప్రదాయంలో వార్తికానికి ఒక లక్షణం చెబుతారు: మూలంలో చెప్పినదాన్నీ, చెప్పకుండా వదిలేసినదాన్నీ, తప్పుగా చెప్పినదాన్నీ విచారించేది వార్తికం. ఉక్తానుక్త దురుక్త చింత అని దాని పేరు. హస్సాగా చేసే పని తెలుగు పాఠకుడికి అర్థం కావడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. ఈ రెండు సంప్రదాయాల మధ్య చారిత్రక సంబంధం లేదు. మూలగ్రంథాన్ని పూజ్యంగా చూస్తూనే దాన్ని ప్రశ్నించే స్వభావం మాత్రం రెండింటిదీ.

వ్యాఖ్య వేరు, హస్సాగా వేరు. వ్యాఖ్య మూలాన్ని ఆసాంతం వివరిస్తుంది. హస్సాగా అవసరమైన చోట మాత్రమే నోరు విప్పుతుంది. అంగీకరించిన చోట మౌనంగా ముందుకు సాగిపోతుంది. ఆ మౌనాన్ని తర్వాతి పండితులు చాలాసార్లు ఆమోదంగానే లెక్కగట్టారు.

పండితులను పూర్తి పేర్లతో కాక, బిరుదుతో కలిపిన పొడి అక్షరాలతో పిలవడం యూదుల ఆచారం. రబ్బీ మోషే బెన్ మైమోన్ రంబమ్ అయ్యాడు, రబ్బీ అబ్రాహాము బెన్ దావీద్ రావద్ అయ్యాడు. ఈ వ్యాసంలోనూ ఆ పేర్లే వాడుతున్నాం.

రిఫ్ గ్రంథం చుట్టూ తొలి చర్చ

ఇసాక్ అల్ఫాసి అనే రిఫ్ (1013–1103) నేటి అల్జీరియాలో పుట్టి, మొరాకోలోని ఫెజ్ నగరంలో చాలాకాలం బోధించాడు. ఎవరో పాలకులకు చాడీలు చెప్పడంతో 1088లో, డెబ్బై అయిదేళ్ల వయసులో ఊరు విడిచి స్పెయిన్ చేరి, లుసేనా పట్టణంలో విద్యాపీఠాన్ని నడిపాడు. ఆయన రాసిన సెఫెర్ హ-హలఖోత్ తాల్ముద్‌కు సంక్షిప్త రూపం లాంటిది. కథలనూ, యెరూషలేము ఆలయం ఉన్నప్పుడే వర్తించే విధులనూ తీసేసి, ఆచరణకు పనికివచ్చే చర్చను మాత్రమే తాల్ముద్ వరుసలోనే ఉంచాడు. తీర్పు ఎక్కడి నుంచి వచ్చిందో పాఠకుడికి కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఈ గ్రంథాన్ని చిన్న తాల్ముద్ అని పిలిచారు.

దీని మీద మొదట కలం పట్టినవారిలో రిఫ్ శిష్యుడే అయిన ఎఫ్రాయిమ్ ఒకడు. అందరికన్నా విస్తారంగా విమర్శించినవాడు జెరహ్యా హ-లేవి (సుమారు 1125–1186). గిరోనాలో పుట్టి ప్రొవాన్స్‌లోని లూనెల్‌లో స్థిరపడిన జెరహ్యా కవి కూడా. తన గ్రంథానికి హ-మాఓర్, అంటే జ్యోతి, అని పేరుపెట్టి, ఆదికాండంలోని సూర్యచంద్రుల ప్రస్తావనను అనుసరించి పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని రెండు భాగాలు చేశాడు. జెరహ్యా అన్న పేరులోనే ఉదయించడమనే అర్థం ఉంది.

ఆయన పీఠిక ఈ సంప్రదాయపు మర్యాదకు మంచి నమూనా. తాల్ముద్ ముగిసిన తర్వాత రిఫ్ గ్రంథంతో సమానమైనది రాలేదని ముందుగా ఒప్పుకుంటాడు. ఆ తర్వాత, ప్లేటో విషయంలో ఆయన శిష్యుడు చెప్పినట్టుగా పేరుపడిన భావాన్ని గుర్తుచేస్తాడు: గురువూ ఆప్తుడే, సత్యమూ ఆప్తమే, ఇద్దరి మధ్య తగువు వస్తే సత్యం వైపే నిలబడాలి. గ్రీకు తత్వవేత్తల మాట అరబిక్ గ్రంథాల మీదుగా ఒక ప్రొవాన్స్ రబ్బీ పీఠికలోకి చేరింది.

జెరహ్యా విమర్శలు అందరికీ రుచించలేదు. ఆయన సమకాలికుడైన రావద్, కతూవ్ షామ్ అనే రచనలో వాటిని ఘాటుగా తిప్పికొట్టాడు. వీరిద్దరి మధ్య నడిచిన ఉత్తరాల వాదం దివ్రే రివోత్, అంటే తగువు మాటలు, అనే పేరుతో నిలిచింది. అలాగని రావద్ రిఫ్‌ను గుడ్డిగా వెనకేసుకొచ్చాడనుకోకూడదు. ఆయన స్వయంగా రిఫ్ మీద హస్సగోత్ రాశాడు.

తర్వాతి తరంలో రంబాన్‌గా పేరుపొందిన మోషే బెన్ నహ్మాన్ (1194–1270) గిరోనా నుంచి రిఫ్ పక్షాన నిలిచాడు. జెరహ్యాకు జవాబుగా మిల్హమోత్ హషెమ్, అంటే ప్రభువు యుద్ధాలు, అనే గ్రంథం రాశాడు. రావద్ ఆక్షేపణలకు జవాబుగా సెఫెర్ హ-జెఖూత్ రాశాడు. పేరులో యుద్ధమున్నా మిల్హమోత్ పీఠికలో కనిపించేది గొప్ప వినయం. తన వాదాలన్నీ తిరుగులేనివని అనుకోవద్దని పాఠకుడిని హెచ్చరిస్తాడు. తాల్ముద్ విద్యలో క్షేత్రగణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ ఉన్నంత ఖండితమైన రుజువులు ఉండవని తేల్చి చెబుతాడు. ఒక పక్షాన్ని బలమైన యుక్తులతో వెనక్కి నెట్టడం, చర్చ సహజంగా ఎటు మొగ్గుతోందో చూపించడం, అంతవరకే పండితుడి శక్తి అంటాడు. గెలవడానికి రాసిన గ్రంథం మొదటి పుటల్లోనే గెలుపుకు హద్దు గీసిన రచయిత ఆయన.

రంబమ్ స్మృతి: మిష్నే తోరా

మోషే బెన్ మైమోన్, అంటే రంబమ్ (1138–1204), కోర్దోవాలో పుట్టాడు. అల్మొహాద్ పాలకుల మతనిర్బంధం వల్ల కుటుంబం ఊళ్లు మారుతూ చివరికి ఈజిప్టులోని ఫుస్తాత్ చేరింది. వ్యాపారం చేసి ఇంటిని పోషించిన తమ్ముడు దావీద్, హిందూ మహాసముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. ఆ దుఃఖం రంబమ్‌ను చాలాకాలం మంచం పట్టించింది. తర్వాత వైద్యమే ఆయన జీవనోపాధి అయింది. అలాంటి జీవితం మధ్య పదేళ్లు శ్రమించి, 1180 ప్రాంతానికి మిష్నే తోరా పూర్తిచేశాడు.

పద్నాలుగు సంపుటాలు, వెయ్యి అధ్యాయాలు ఉన్న ఈ గ్రంథం అంతకు ముందు ఎవరూ తలపెట్టని సాహసం. తాల్ముద్ వరుసను పక్కనపెట్టి విషయాలవారీగా ధర్మాన్ని పేర్చాడు. వాడుకలో లేని ఆలయ విధులనూ, మెస్సీయ కాలపు రాజు ధర్మాలనూ వదల్లేదు. మిష్నా శైలిలోని తేట హీబ్రూలో రాశాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ తీర్పు ఎవరిదో, తాల్ముద్‌లో ఎక్కడుందో చెప్పలేదు. తోరా చదివి ఆ తర్వాత ఈ గ్రంథం చదివితే మౌఖిక ధర్మమంతా తెలుస్తుందనీ, నడుమ మరో గ్రంథం అక్కర్లేదనీ పీఠికలో రాశాడు.

సామాన్యుడికి ధర్మం అందుబాటులోకి రావాలన్నది ఆయన తపన. ఆ తపనే పండితులను కలవరపెట్టింది. ఆధారం చెప్పని తీర్పును పరీక్షించడం ఎలా? తాల్ముద్ అక్కర్లేదంటే విద్యాపీఠాల గతేమిటి?

పోస్కియేర్ విమర్శకుడు

ఆ ప్రశ్నలను అందరికన్నా నిర్భయంగా అడిగినవాడు రావద్ (సుమారు 1125–1198). నేడు వోవెర్ అని పిలిచే పోస్కియేర్ పట్టణంలో సొంత విద్యాపీఠం నడిపాడు. ప్రొవాన్స్ మీదుగా వెళ్లిన యాత్రికుడు తుదేలా బెన్యామీన్ ఆయన గురించి రాసిపెట్టాడు: దూరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఆయన ఇంట ఆశ్రయం దొరుకుతుంది, పేదవారి ఖర్చంతా ఆయన సొంత డబ్బుతోనే నడుస్తుంది. ఆ సంపదే 1172లో ఆపద తెచ్చింది. స్థానిక ప్రభువు ఆయనను చెరలో వేయగా, కార్కసోన్ ప్రభువు రెండో రోజర్ జోక్యంతో విడుదలయ్యాడు. మామ అబ్రాహాము బెన్ ఇసాక్ నార్బోన్‌లో పేరొందిన ధర్మవేత్త. కొడుకు, అంధుడైన ఇసాక్, కబ్బాలా మార్మిక సంప్రదాయానికి తొలి గురువుల్లో ఒకడు.

మిష్నే తోరా చేతికి వచ్చేనాటికి రావద్ వృద్ధుడు. అప్పటికే మిష్నా భాగాల మీద, తాల్ముద్ మీద, రిఫ్ మీద, జెరహ్యా మీద రాసినవాడు. కొత్త గ్రంథాన్ని మొదటి పుట నుంచి చదువుతూ అంచుల్లో రాసుకుంటూ పోయాడు. ఆయన వ్యాఖ్యలు అచ్చులో సాధారణంగా అబ్రాహాము అన్నాడు అనే మాట పొడి అక్షరాలతో మొదలవుతాయి. కొన్ని ఒక్క వాక్యమే, కొన్ని పేరా నిండా ఉంటాయి. కొన్ని రంబమ్ తీర్పుకు తాల్ముద్‌లో ఆధారం చూపే సహాయక వ్యాఖ్యలు కూడా.

మొదటి దెబ్బ పీఠిక మీదే పడింది. గ్రంథకర్త మేలు చేద్దామనుకున్నాడు కానీ మేలు జరగలేదన్నది రావద్ అభియోగం. పూర్వులందరూ ఆధారం చూపించి, ఎవరి మాటో పేరు చెప్పి రాశారు. దానివల్ల న్యాయాధిపతికి గొప్ప ప్రయోజనం ఉంది. తాను నమ్మిన తీర్పుకు విరుద్ధంగా తన కన్నా గొప్పవాడు చెప్పాడని తెలిస్తే తన అభిప్రాయం మార్చుకోవచ్చు. పేరూ ఆధారమూ లేకపోతే ఎవరిని చూసి మార్చుకోవాలి? ఈ గ్రంథాన్ని ఎందుకు తలొగ్గి అంగీకరించాలి? రావద్ ఇక్కడ పట్టుబట్టింది న్యాయాధిపతి స్వేచ్ఛ కోసం.

సిద్ధాంత విషయాల్లో ఆయన మాట మరింత పదునెక్కింది. దేవునికి శరీరం, ఆకారం ఉన్నాయనేవాడిని రంబమ్ పాషండుల్లో చేర్చాడు. దేవునికి ఆకారం ఉందని రావద్ వాదించలేదు. కానీ లేఖనంలోని మాటలను, అంతకన్నా ఎక్కువగా బుద్ధిని తికమకపెట్టే పురాణకథలను అక్షరాలా నమ్మి అలా అనుకున్నవారిలో రంబమ్ కన్నా గొప్పవారు, మంచివారు ఉన్నారని, వారిని పాషండులనడం తగదని ఎదురుచెప్పాడు. ఇదే హస్సాగాను పదిహేనో శతాబ్దపు తత్వవేత్త యోసెఫ్ ఆల్బో ఇంకాస్త మెత్తని మాటల్లో ఉదహరించాడు. రెండు పాఠాల్లోనూ సారాంశం ఒకటే: పొరపాటు పడిన భక్తుడిని మతభ్రష్టుడనకూడదు.

మనిషి స్వేచ్ఛ, దేవుని భవిష్యజ్ఞానం ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయన్న చిక్కు ప్రశ్నను రంబమ్ లేవనెత్తి, దేవుని జ్ఞానం మానవ బుద్ధికి అందదని ముగించాడు. ముగించలేని చర్చను మొదలుపెట్టడం జ్ఞానుల పద్ధతి కాదని రావద్ మందలించాడు. అమాయక విశ్వాసిని సందేహంలో వదిలేయడం ఆయనకు నచ్చలేదు. అయినా అక్కడితో ఆగక, పాఠకుడి కోసం తనకు తోచిన సమాధానం కూడా ఇచ్చాడు: దేవునికి ముందే తెలియడం జ్యోతిష్కుడికి తెలియడం లాంటిది, అది మనిషిని ఆ పనికి బలవంతపెట్టే ఆజ్ఞ కాదు.

చిన్న విషయమైనా ఆయన వదలలేదు. పర్ణశాలల పండుగలో చేతపట్టే నాలుగు రకాల మొక్కల్లో మిర్టిల్ కొమ్మ ఒకటి. కొన విరిగిన కొమ్మ పనికివస్తుందని రంబమ్ రాశాడు. ఎన్నో ఏళ్ల కిందటే తన విద్యాపీఠంలో పరిశుద్ధాత్మ ప్రత్యక్షమైనందువల్ల అది పనికిరాదని తేల్చుకున్నామని రావద్ అక్కడ రాశాడు. ఆలయ స్థలపు పవిత్రత ఎప్పటికీ పోదని రంబమ్ అన్నచోట, ఈ తీర్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదంటూ, తనకు మాత్రం ఇది దైవభీతి గలవారికి తెలిసే రహస్యంగా బోధపడిందని చెప్పుకున్నాడు. కొమ్మ చివరా, ఆలయ స్థలమూ ఆయనకు ఒకే శ్రద్ధతో పట్టించుకోవలసినవే.

కలగలిపి నాటకూడని విత్తనాల ప్రకరణం దగ్గర రావద్ కోపం హద్దు దాటింది. మూలంలోని మాటలనూ భావాన్నీ గ్రంథకర్త తారుమారు చేశాడని మండిపడుతూ, తాల్ముద్‌ను, ఇశ్రాయేలు దేశపు పండితులు కూర్చిన యెరూషలేము తాల్ముద్‌ను, మిష్నాకు అనుబంధ సంకలనమైన తోసెఫ్తాను ఒకచోటికి చేర్చిన మహత్కార్యం ఆయన చేసి ఉండకపోతే పెద్దలనూ పండితులనూ ఆయన మీదికి సమావేశపరిచేవాడినన్నాడు. ఆ కోపంలోనూ మహత్కార్యమన్న మాట వదల్లేదు. ప్రత్యర్థి చేసిన పని విలువ తెలిసినవాడి కోపం అది.

రంబమ్ స్పందన

రంబమ్ విమర్శకు చెవి మూసుకోలేదు. అలెగ్జాండ్రియా న్యాయాధిపతి పినెహాసుకు రాసిన ఉత్తరంలో, తాల్ముద్ చదవవద్దని తాను ఎన్నడూ అనలేదని వాపోతాడు. తన దగ్గర శిష్యులు రిఫ్ గ్రంథాన్ని, తాల్ముద్‌ను చదువుకుంటున్నారని గుర్తుచేస్తాడు. ఆధారాల విషయంలో మాత్రం తన లోపాన్ని ఒప్పుకుంటూ ఒక సంఘటన చెబుతాడు.

ఒక న్యాయాధిపతి మిష్నే తోరాలోని హత్యా ప్రకరణపు కాగితాలు పట్టుకుని వచ్చి, ఒకచోట వేలుపెట్టి ఇది ఎక్కడుందని అడిగాడు. ఉండవలసిన చోటే ఉంటుంది, హత్యను చర్చించే భాగాల్లో చూడమన్నాడు రంబమ్. అక్కడంతా వెతికాను, యెరూషలేము తాల్ముద్‌లోనూ తోసెఫ్తాలోనూ చూశాను, దొరకలేదన్నాడు న్యాయాధిపతి. రంబమ్ ఆశ్చర్యపోయి, విడాకుల భాగంలో ఉన్నట్టు గుర్తని ఆ సంపుటం తెప్పించి వెతికాడు. అక్కడా లేదు. వచ్చినాయన వెళ్లిపోయాక గుర్తొచ్చింది: మరెక్కడో, వేరే విషయం మధ్య మాటవరసకు వచ్చిందది. వెంటనే మనిషిని పంపి చూపించాడు. రాసినవాడికే దొరకనప్పుడు చదివేవాడి గతేమిటని బాధపడి, ఆధారాలన్నీ చూపే మరో గ్రంథం రాయాలనుకున్నాడు. ఆ గ్రంథం వెలువడలేదు.

లూనెల్ పండితులు యోనతాను హ-కోహెన్ నాయకత్వంలో ఇరవైనాలుగు ప్రశ్నలు ఫుస్తాత్‌కు పంపారు. రంబమ్ వాటికి జవాబులిచ్చాడు. పొరపాటు జరిగిన చోట ఒప్పుకుని ప్రతిని దిద్దుకోమన్నాడు. అంత సూక్ష్మంగా చదివిన వారిని మనసారా మెచ్చుకున్నాడు. ప్రొవాన్స్ పండితుల్లో లూనెల్ మోషే హ-కోహెన్ కూడా మిష్నే తోరా మీద హస్సగోత్ రాశాడు.

బాగ్దాదు, తొలెదో, మోంపెల్యే

తూర్పున బాగ్దాదు విద్యాపీఠాధిపతి సామ్యూల్ బెన్ ఏలి రంబమ్ తీర్పులను ప్రశ్నించాడు. విశ్రాంతిదినాన పెద్ద నదుల్లో పడవ ప్రయాణం చేయవచ్చన్న తీర్పు మీద ఇద్దరికీ వాదం నడిచింది. మృతుల పునరుత్థానం విషయంలో సామ్యూల్ లేవదీసిన అనుమానాలు, రంబమ్ 1191లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయడానికి కారణమయ్యాయి. సామ్యూల్ శిష్యుడు దానియేలు బాబిలోనీ, రంబమ్ మరణానంతరం ఆయన కొడుకు అబ్రాహాముకు ఆక్షేపణలు పంపాడు. కొడుకు తండ్రి తరఫున ఒక్కొక్కదానికి జవాబిచ్చాడు.

స్పెయిన్‌లోని తొలెదోలో మెయిర్ హ-లేవి అబులాఫియా పునరుత్థానం విషయంలోనే రంబమ్ మీద లూనెల్‌కు ఉత్తరాలు రాస్తే, లూనెల్ పండితుడు అహరోను బెన్ మెషుల్లామ్ గట్టిగా తిప్పికొట్టాడు.

1232 ప్రాంతంలో వాదం దారి తప్పింది. మోంపెల్యే పండితుడు సొలొమోను, ఆయన శిష్యుడు యోనా గిరోందీ ప్రభృతులు రంబమ్ తాత్విక రచనల మీద బహిష్కారం ప్రకటించారు. ఎదుటి పక్షం తిరుగు బహిష్కారం ప్రకటించింది. రాజీ కోసం రంబాన్ ఉత్తరాలు రాశాడు, ఫలించలేదు. చివరికి మోంపెల్యేలో రంబమ్ పుస్తకాలు క్రైస్తవ అధికారుల చేతుల మీదుగా మంటల పాలయ్యాయి. పదేళ్లు తిరగకముందే, 1242లో, పారిస్‌లో బండ్లకొద్దీ తాల్ముద్ ప్రతులను తగలబెట్టారు. రెండు మంటలకూ సంబంధం ఉందని నమ్మి యోనా పశ్చాత్తాపపడ్డాడన్న కథ యూదుల్లో నిలిచిపోయింది. ఈ ఘట్టాన్ని హస్సగోత్ సంప్రదాయంతో కలపకూడదు. హస్సాగా రాయాలంటే ఎదుటి గ్రంథం ముందుండాలి, దాన్ని చదవాలి, జవాబుకు చోటివ్వాలి. బహిష్కారం ఆ మూడింటికీ తలుపు మూస్తుంది.

ఆజ్ఞల లెక్క, ఇంటి మరమ్మతు

తోరాలో 613 ఆజ్ఞలు ఉన్నాయన్నది తాల్ముద్ కాలపు మాట. అవి ఏవన్నదే చిక్కు. రంబమ్ పద్నాలుగు సూత్రాలు ఏర్పరచుకుని సెఫెర్ హ-మిత్స్వోత్‌లో ఒక పట్టిక ఇచ్చాడు. ఆ క్రమంలో పాత హలఖోత్ గెదోలోత్ లెక్కను తోసిపుచ్చాడు. రంబాన్ ఆ సూత్రాల మీద సుదీర్ఘమైన హస్సగోత్ రాసి, పూర్వుల లెక్కకూ ఒక తర్కం ఉందని నిరూపించే బాధ్యత తీసుకున్నాడు. రంబమ్ మరిచాడని తాను భావించిన ఆజ్ఞలను కూడా చేర్చాడు. ఇశ్రాయేలు దేశంలో నివసించాలన్నది వాటిలో ఒకటి. ఆ మాట రాసిన రంబాన్ ముసలితనంలో స్పెయిన్ వదిలి అక్కడికే వెళ్లాడు.

ఆయన శిష్యుడు బార్సిలోనాకు చెందిన సొలొమోను ఇబ్న్ అదెరెత్, అంటే రష్బా (1235–1310), ఆహార నియమాలు మొదలైనవాటి మీద తోరత్ హ-బయిత్, అంటే ఇంటి ధర్మం, రాశాడు. అదే ఊరి అహరోను హ-లేవి దాని మీద బెదెక్ హ-బయిత్, అంటే ఇంటి మరమ్మతు, అనే విమర్శ వెలువరించాడు. జవాబుగా మిష్మెరెత్ హ-బయిత్, అంటే ఇంటి కాపలా, అనే గ్రంథం రచయిత పేరు లేకుండా వచ్చింది. రాసింది రష్బాయేనని తర్వాత తెలిసింది. నేడు ఈ మూడూ కలిపే అచ్చవుతున్నాయి. ఒకరు కట్టిన ఇల్లు, మరొకరు చూపిన పగుళ్లు, కట్టినవాడి కాపలా ఒకే అట్టల మధ్య ఉన్నాయి.

జర్మనీలో యూదుల మీద పీడన పెరగడంతో 1303లో బయలుదేరి తొలెదో చేరిన ఆషెర్ బెన్ యెహియేల్ (మరణం 1327), రావద్ అభ్యంతరాన్ని ఆచరణ వైపు నుంచి చెప్పాడు. తాల్ముద్ రాకుండా మిష్నే తోరా చూసి తీర్పులిచ్చేవారు దారి తప్పుతారన్నాడు. తాల్ముద్‌లో మూడు విభాగాలు క్షుణ్ణంగా తెలిసిన ఒక బార్సిలోనా పెద్దమనిషి తనతో అన్నమాట దానికి సాక్ష్యంగా చూపాడు. ఆ మూడు విభాగాల విషయాల్లో రంబమ్ రాసింది తనకు అర్థమవుతుందనీ, చదవని విభాగాలకు వస్తే ఒక్క ముక్కా బోధపడదనీ ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడట.

సమర్థకులు, ముద్రిత పుట

విమర్శ సమర్థనను పుట్టించింది. పద్నాలుగో శతాబ్దంలో విదాల్ అనే పండితుడు రాసిన మగ్గీద్ మిష్నే వ్యాఖ్య రంబమ్ తీర్పులకు మూలాలు వెతికి, రావద్ ప్రశ్నలను ఎదుర్కొంది. అది గ్రంథంలో కొన్ని భాగాలకే మిగిలింది. షెమ్ తోవ్ ఇబ్న్ గావోన్ మిగ్దల్ ఓజ్ రాశాడు. జర్మనీలో మెయిర్ హ-కోహెన్ తన ప్రాంతపు ఆచారాలను చేర్చి హగహోత్ మైమోనియోత్ కూర్చాడు. పదహారో శతాబ్దంలో యోసెఫ్ కారో కెసెఫ్ మిష్నేతో ఆ పని ముందుకు తీసుకెళ్లాడు. రంబమ్ రాయాలనుకుని రాయని ఆధారాల గ్రంథాన్ని, రావద్ ప్రశ్నల పుణ్యమా అని, తర్వాతి తరాలు ముక్కలుముక్కలుగా రాసిపెట్టాయి.

1509లో కాన్‌స్టాంటినోపుల్‌లో అచ్చయిన మిష్నే తోరాలో రావద్ హస్సగోత్ చేరాయి. అప్పటి నుంచి ఆ పుట స్వరూపం స్థిరపడుతూ వచ్చింది. నడుమ పెద్ద అక్షరాల్లో రంబమ్ మూలం. దాని పక్కన చిన్న అక్షరాల్లో అబ్రాహాము ఆక్షేపణ. చుట్టూ మూలాలు వెతికేవారు, సమర్థించేవారు, రాజీ కుదిర్చేవారు. ఒక్క గ్రంథం చాలన్న ఆశతో రాసిన పుస్తకాన్ని విద్యార్థి నేడు కనీసం నాలుగైదు గొంతుల మధ్య చదువుతున్నాడు.

షుల్హాన్ అరూఖ్ దాకా

కారో తన పెద్ద వ్యాఖ్య బేత్ యోసెఫ్‌లో రిఫ్, రంబమ్, ఆషెర్‌లను మూడు స్తంభాలుగా తీసుకుని, ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నదే తీర్పు అన్న పద్ధతి పాటించాడు. దాని సారమైన షుల్హాన్ అరూఖ్ 1565లో వెనిస్‌లో అచ్చయింది. పేరుకు అమర్చిన భోజనపు బల్ల అని అర్థం, మన మాటలో వడ్డించిన విస్తరి. పోలెండ్‌లోని క్రాకో రబ్బీ మోషే ఇస్సెర్లెస్ (మరణం 1572) ఉత్తర యూరప్ ఆచారాలు అందులో లేవని గుర్తించి, బల్ల మీద పరిచే గుడ్డ అనే అర్థంతో మప్పా అని పేరుపెట్టి తన సవరణలు చేర్చాడు. సొలొమోను లూరియా స్మృతుల మీద ఆధారపడడాన్నే నిరాకరించి, ప్రతి తీర్పునూ తాల్ముద్ నుంచి మళ్లీ తవ్వితీశాడు. ఇస్సెర్లెస్ సహాధ్యాయి హయ్యీమ్ బెన్ బెజలెల్, ఎవరికి వారు వండుకున్న వంటే వారికి రుచిస్తుందన్న పోలికతో, ధర్మవేత్త తన తీర్పును తానే చర్చించి తేల్చుకోవాలని వాదించాడు. షుల్హాన్ అరూఖ్ సర్వామోదం పొందింది ఇస్సెర్లెస్ సవరణలు, తర్వాతి వ్యాఖ్యలు చేరిన రూపంలోనే.

అంచనా

ఈ నాలుగు వందల ఏళ్ల రచనలన్నిటి కిందా ఒక ప్రశ్న ఉంది: తీర్పుకు బలం ఎక్కడి నుంచి వస్తుంది, చెప్పినవాడి గొప్పదనం నుంచా, చూపిన ఆధారం నుంచా? రంబమ్ తేటదనాన్ని ఎంచుకున్నాడు. అందువల్ల ధర్మం పండితుడు కాని పాఠకుడికీ చేరింది. రావద్ ఆధారాన్ని అడిగాడు. అందువల్ల ధర్మం ఒక్క మనిషి మాటగా గడ్డకట్టిపోలేదు. ఇద్దరిలో ఎవరు లేకున్నా ఆ సంప్రదాయం కుంటిదై ఉండేది.

పూజ్యుడైన గ్రంథకర్తను అతని ముఖం మీదే కాదనడం, ఆ కాదన్న మాటను అతని పుటలోనే భద్రపరచడం ఏ జాతికైనా తేలిక కాదు. ఊళ్లు వదిలి వలసపోతూ, పుస్తకాలు మంటల్లో పోగొట్టుకుంటూ బతికిన ప్రజలు ఆ పని చేశారు. నకలు రాసే చేతులు, అచ్చుకూటాల కూర్పరులు మూలంతో పాటు ఆక్షేపణనూ మోశారు. అందుకే నేడు ఏ విద్యార్థి మిష్నే తోరా తెరిచినా, ఫుస్తాత్ వైద్యుడు తీర్పు చెప్పిన పుటలోనే పోస్కియేర్ వృద్ధుడు ఆధారం అడుగుతూ కనిపిస్తాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ విద్యార్థి మళ్లీ తాల్ముద్ తెరుస్తాడు.